పిల్లికూత

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, జనం చేత ఊదిస్తానని చెబుతాను. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నాకేం పోయింది? ఛాతీ ఆసుపత్రిలో మెట్ల పక్కనున్న ఇరుకు గది నాది. ఒక బల్ల, బల్ల మీద మిషను, మిషనుకో గొట్టం. కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. ఆయాసం ఉన్నవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఊపిరంతా వదిలెయ్యమంటాను, గొట్టంలోంచి నిండా పీల్చమంటాను, ఆ తర్వాత తెర మీద కనిపించే మబ్బు రెండు గీతల మధ్య కదలకుండా నిలబడేటట్టు నెమ్మదిగా వదలమంటాను. నెమ్మదిగా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే, ఉఫ్ మని ఊదేస్తారు. "కొవ్వొత్తులార్పుతున్నారా?" అని కసురుతాను. కసరడానికి నాకు జీతం ఇవ్వరు, ఊరికే చేస్తాను.

వదిలిన ఊపిరిలో ఒక వాయువు ఉంటుంది. ఊపిరిగొట్టాల లోపల వాపు ఉంటే అది ఎక్కువగా బయటికొస్తుంది. మిషను దాన్ని కొలిచి ఒక అంకె చూపిస్తుంది. పిల్లల్లో ఇరవై లోపు ఉంటే లోపల చల్లగా ఉన్నట్టు. ముప్పై అయిదు దాటిందంటే నివురుగప్పిన నిప్పే. మనిషి నవ్వుతూ ఉండొచ్చు, గబగబా మెట్లెక్కి రావొచ్చు, డాక్టరమ్మ చెవుల్లో గొట్టం పెట్టుకుని వింటే ఛాతీ శుభ్రంగా ఉండొచ్చు. "నాకు బాగానే ఉందండీ" అని కూడా అనొచ్చు. ఆ మాట వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే నా చెల్లెలు చచ్చిపోయేదాకా ఆ మాటే అంది.

దానికి చిన్నప్పటినుంచీ ఆయాసం. వాపు తగ్గించే మందు రోజూ రెండు పూటలా పీల్చాలి. అది మాత్రం ఊపిరి బిగుసుకుపోయినప్పుడు అప్పటికప్పుడు పనిచేసే నీలం డబ్బా ఒక్కటే నమ్ముకుంది. నేనప్పుడు వేరే ఊళ్ళో పనిచేస్తుండేదాన్ని. ఫోన్ చేసి తిడితే "బాగానే ఉందే అక్కా, నీ మిషన్ని నా మీదకి తోలకు" అని నవ్వేది. కిందటేడు వానల్లో, ఒక తెల్లవారుజామున, ఆంబులెన్సు వీధి మలుపు తిరిగేలోపలే అయిపోయింది. దాని మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. బతికుంటే రెండు చెంపలూ వాయించేదాన్ని.

పెళ్ళీ గిళ్ళీ లేనిదాన్ని కాబట్టి బదిలీ అడిగి ఈ ఊరొచ్చేశాను. చెల్లెలి వాళ్ళుండే మేడలోనే కింద వాటా ఖాళీగా ఉంటే దిగాను. పై వాటాలో మరిది, అతని కూతురు. మరిది సిటీ బస్సు నడుపుతాడు. పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ, చెల్లెలు పోయాక ఆ తక్కువ కూడా తగ్గింది. పిల్లకి తొమ్మిదేళ్ళు. సన్నగా ఉండి ఎప్పుడూ కిచకిచలాడుతుందని తల్లే దానికి పిచ్చుక అని పేరు పెట్టింది, ఇప్పుడు బళ్ళో టీచర్లు కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. తల్లి కళ్ళు వచ్చాయి, తల్లి జుట్టు వచ్చింది, తల్లి ఆయాసమూ వచ్చింది. ఒకదాన్ని పోగొట్టుకున్నాను, దీన్ని మాత్రం పోనివ్వనని నేను ఆ ఇంటి గుమ్మంలో నిలబడే అనుకున్నాను.

మొదట్లో అన్నీ సవ్యంగానే జరిగాయి. ఉదయం సాయంత్రం నేనే పైకెళ్ళి, మాస్కున్న పొడుగాటి గొట్టానికి మందు డబ్బా తగిలించి దగ్గరుండి పీల్పించేదాన్ని. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఊదిస్తే పద్నాలుగు వచ్చింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. తర్వాత ఒకరోజు పిచ్చుక నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను పెద్దదాన్నయ్యాను పెద్దమ్మా, నా మందు నేనే పీల్చుకుంటాను, నువ్వు డబ్బా మీద కౌంటర్ చూసుకో చాలు" అంది. డబ్బా నొక్కినప్పుడల్లా దాని వీపు మీద అంకె ఒకటి తగ్గుతుంది. ఆదివారం ఆదివారం నేను చూసేదాన్ని. ఒక్క పూట తేడా లేకుండా సరిగ్గా ఉండేది. తల్లికి లేని బుద్ధి పిల్లకి వచ్చిందని మురిసిపోయాను.

తర్వాతిసారి ఊదిస్తే యాభై రెండు వచ్చింది.

మిషను పాడైందనుకుని నేను ఊదాను. నాకు పన్నెండు వచ్చింది. గొట్టానికి కొత్త మూతి తగిలించి పిల్ల చేత మళ్ళీ ఊదించాను. యాభై మూడు. పిల్లని లాక్కుని డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాను. మరిది కూడా డ్యూటీ మధ్యలో ఖాకీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు.

ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి సన్నగా, కీచుగా వచ్చే చప్పుడుంది చూడండి, దాన్ని మనవాళ్ళు పిల్లికూతలంటారు. మా గదుల్లోకి వచ్చిన ప్రతి మనిషినీ ముందు అడిగేది దాని గురించే.

"పిల్లికూతలు వస్తున్నాయా తల్లీ?" అంది డాక్టరమ్మ.

"నాకా? నాకు రావడం లేదండీ" అంది పిచ్చుక.

డాక్టరమ్మ ముందూ వెనకా గొట్టం పెట్టి విని, శుభ్రంగా ఉందని తలూపింది. "మరి ఇంట్లో కుక్కలు, పావురాలు, పిల్లి... అలాంటివేమైనా ఉన్నాయా?"

"పిల్లి ఉంది."

"పిల్లేమిటే?" అన్నాను నేను. "మన మేడలో పిల్లెక్కడిది?"

"ఉంది పెద్దమ్మా. తెల్లారకముందు అరుస్తుంది. నాన్న కూడా విన్నాడు."

మరిది తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు. "వినిపిస్తుందండీ" అన్నాడు చివరికి. "కనిపించదు."

"అదే మరి!" అని డాక్టరమ్మ కలం మూసింది. పిల్లి బొచ్చు పడనివాళ్ళకి అది ఇంట్లో తిరిగితే చాలు, మందు ఎంత పీల్చినా లోపల వాపు తగ్గదట. ముందు ఆ పిల్లిని వెళ్ళగొట్టమంది. నా ప్రాణం కుదుటపడింది. పిల్లే కదా, దాని సంగతి నేను చూసుకుంటాననుకున్నాను.

ఆ ఆదివారం చీపురు పట్టుకుని పై వాటా అంతా గాలించాను. అటక దింపాను, మంచాల కింద దూరాను, బీరువా జరిపించాను. చెల్లెలి చీరల మధ్యా, చెప్పుల పెట్టె వెనకా, చివరికి కుట్టుమిషను కింద కూడా వెతికాను. ఒక్క వెంట్రుక దొరికితే ఒట్టు. వెనక గదిలోనే అరుస్తుందని పిచ్చుక చెప్పింది. అది చెల్లెలి గది. తల్లి పోయాక పిల్ల అక్కడే, తల్లి మంచం మీదే పడుకుంటానని పట్టుబట్టింది. గోడవారగా తను ముడుచుకుని పడుకుంటుంది. రెండో దిండు మాత్రం అలాగే ఉంది. దాని గలేబు ఉతికి మడత పడకుండా తొడిగి ఉంది. తొడిగిందెవరని అడిగితే "నేనే" అంది. ఆ మంచం వైపు చూస్తుంటే నాకు ఎందుకో మెడ మీద చల్లగా అనిపించింది, కిటికీ చూస్తే మూసే ఉంది.

కిటికీ గట్టు మీద పల్చగా పిండి చల్లాను. గిన్నెలో పాలు పోసి బాల్కనీలో పెట్టాను. మర్నాడు వెళ్ళి చూస్తే పిండి మీద గీత కూడా లేదు, పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి.

"అరిచిందా?" అన్నాను.

"ఆఁ, అరిచింది" అంది పిచ్చుక బూట్లు కట్టుకుంటూ. "చాలాసేపు."

కింద వాచ్‌మన్‌ని నిలదీశాను. గేటు పక్కన అతని నల్లకుక్క కట్టేసి ఉంటుంది. "నా కుక్కుండగా పిల్లి గోడ దాటుతుందామ్మా?" అని అతను ముందు నవ్వాడు. తర్వాత నవ్వాపి చీపురు గోడకి ఆనించాడు. "పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే నేనూ విన్నానమ్మా. మీ చెల్లెలుగారి కిటికీలోంచే. అది పిల్లి అరుపు కాదు. పిల్లి నోరు తెరిచి అరుస్తుంది కదా. ఇది నోరు మూసుకుని అరిచినట్టుంటుంది."

"తాగి ఊడుస్తున్నావా?" అని కసిరాను గానీ, మెట్లెక్కబోతూ ఆగి ఆ కిటికీ వైపు తలెత్తి చూశాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ రోజునుంచి సాయంత్రం పై వాటాకి వెళ్ళినప్పుడు వెనక గది తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. గదిలో పిచ్చుక ఒక్కతే ఉన్నా ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టుండేది. తలుపు తోస్తే హోంవర్క్ చేసుకుంటూ కనిపించేది. "ఎవరితోనే?" అంటే "పాఠం చదువుకుంటున్నాను" అనేది. నా ముఖంలోకి సూటిగా చూసేది. అలా చూసినప్పుడు అచ్చం మా చెల్లెలే.

వడ్రంగిని పిలిచి కిటికీకి ఇనప జాలీ కొట్టించాను. వారం తిరక్కుండా జాలీ కింద మూల మేకులు ఊడదీసి, ఒక చెయ్యి పట్టేంత సందు చేసి ఉంది. పిల్ల చేతులతో ఊడే మేకులు కావవి. మరిది డ్యూటీనుంచి రాగానే పట్టుకున్నాను.

"ఇది నీ పనేనా?"

టోపీ తీసి మేకుకి తగిలించాడు.

"మాట్లాడవేమయ్యా? నీ కూతురికి పడని జంతువుని నువ్వే దారి తీసి లోపలికి రానిస్తున్నావా? నీకు మతి గానీ పోయిందా?"

"అన్నీ మూసేస్తే ఎలా వదినా?" అన్నాడు. "రావాలనుకున్నదానికి కొంచెమైనా దారి ఉండొద్దా?"

పిల్లి గురించి అలా మాట్లాడేవాళ్ళు ఉంటారా? కిందికి దిగి వచ్చేశాను.

మూడోసారి ఊదిస్తే డెబ్భై ఒకటి వచ్చింది. రక్తం తీసి చూస్తే వాపుతో పాటు పెరిగే తెల్లకణాలు కూడా అంతకంతా పెరిగి ఉన్నాయి. పదకొండు గంటల ఎండవేళ డాక్టరమ్మ వింటే మాత్రం పిల్ల ఛాతీ అద్దంలా శుభ్రంగా ఉంది, పిల్లికూత లేదు, దగ్గు లేదు. "నాకు బాగానే ఉంది" అంది పిచ్చుక. ఆ నోట ఆ మాట విన్నప్పుడు గది గిర్రున తిరిగినట్టయింది నాకు.

పిల్లని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నాతో మాట్లాడింది. "మీరేమీ అనుకోకండి. ఈ మందు నిజంగా లోపలికి వెళ్తుంటే అంకె ఇంత ఉండదు."

"కౌంటర్ చూస్తున్నానండీ! ఒక్క పూట కూడా తప్పలేదు."

"కౌంటర్‌కి నొక్కడం ఒక్కటే తెలుసు. పీల్చారో లేదో దానికేం తెలుస్తుంది?"

ఇన్నేళ్ళుగా ఈ గదుల్లో తిరుగుతున్నదాన్ని, ఆ ముక్క నాకు తట్టలేదు.

"కొన్నాళ్ళు మీ కళ్ళ ముందే పీల్పించండి, అంకె దిగితే అదే కారణం" అంది డాక్టరమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ఇది ఇలాగే వదిలేస్తే ఏదో ఒక ఉదయం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మర్నాడు ఇంకా తెల్లవారకముందే లేచాను. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో గోనెసంచి. పిల్లి ఉంటే సంచిలో వేసి ఊరవతల వదిలేస్తాను, పిల్ల మందు పారబోస్తుంటే వీపు పగలగొడతాను. ఏదైతే అదే అవుతుందని మెట్లెక్కాను. తలుపు గడియ వేసి లేదు.

లోపల దీపం లేదు. వెనక గది తలుపు ముందు కుర్చీ వేసుకుని ఎవరో కూర్చున్నారు. చీపురు పైకెత్తాను. మరిది. డ్యూటీ బట్టలేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు చెక్కకి చెవి ఆనించి ఉన్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పెదవి మీద వేలు పెట్టాడు.

"ష్" అన్నాడు. "వచ్చింది."

అప్పుడు నేనూ విన్నాను. చెక్క అవతలనుంచి, సన్నగా, పొడుగ్గా. ఆగింది. మళ్ళీ వచ్చింది. వాచ్‌మన్ చెప్పింది నిజమే, అది నోరు తెరిచిన పిల్లి కూత కాదు. మరిది కళ్ళు మూసుకున్నాడు. అతని ముఖంలో భయం లేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయే ముందు పిల్లల ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ ముఖం చూస్తే భయమేసి నేను తలుపు తోసేశాను.

కిటికీలోంచి బూడిదరంగు వెలుగు పడుతోంది. పిచ్చుక మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మందు డబ్బా తగిలించిన గొట్టం రెండు చేతులా పట్టుకుని, మాస్కుని ఖాళీ దిండు మీద, ఒక తల ఉండాల్సిన చోట ఆనించి పట్టుకుంది.

"ఊపిరంతా వదిలెయ్యమ్మా" అంటోంది. "ఆఁ, అలా. ఇప్పుడు నిండా పీల్చు. అంత గట్టిగా కాదే! కొవ్వొత్తులార్పుతున్నావా? నెమ్మదిగా."

అది నా గొంతు. నా విసుగు, నా మాటలు, నేను రోజంతా జనంతో అనేవన్నీ. డబ్బా నొక్కింది. తుస్సుమంది. తెల్లటి పొగ దిండు మీద పరుచుకుని పోయింది. పిచ్చుక వంగి దిండు నిమిరింది, నిమురుతూ ఊపిరి వదిలింది. ఆ వదలడంలో వచ్చింది కూత.

నా చేతిలోంచి చీపురు జారిపోయింది.

పిచ్చుక తిరిగి చూసింది. దొరికిపోయానన్న కంగారు లేదు దాని ముఖంలో. "గట్టిగా మాట్లాడకు పెద్దమ్మా" అంది. "పిల్లి లేచింది."

"ఎక్కడే?"

"అమ్మ గుండెల్లో." అది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "అమ్మ గుండెల్లో ఓ పిల్లి పడుకుని ఉంటుంది కదా. తెల్లారగట్ల లేచి అరుస్తుంది. అప్పుడు నేను లేచి అమ్మకి మందివ్వాలి. చిన్నప్పటినుంచీ అది నా డ్యూటీ. నాన్నకి బస్సు డ్యూటీ, నాకు పిల్లి డ్యూటీ అనేది అమ్మ."

మా చెల్లెలి మాటే అది. ఆయాసాన్ని కూడా ఆటగా మార్చి పిల్ల చేతిలో పెట్టి ఉంటుంది. నేను దూరాన ఉండటంతో ఆ ఆట సంగతి నాదాకా రాలేదు.

"ఆ రోజు నాకు వినబడలేదు పెద్దమ్మా" అంది పిచ్చుక. కూత మళ్ళీ వచ్చింది, మాటని మధ్యలో తెంపేసింది. "నిద్రపోయాను. అందుకే ఇప్పుడు రోజూ ముందే లేస్తున్నా. ఇప్పుడు రోజూ వినబడుతోంది. నా మందు కూడా అమ్మకే ఇచ్చేస్తున్నా, రెండు పూటలా. అయినా తగ్గడం లేదు."

ఒక తొమ్మిదేళ్ళ పిల్ల తల్లి చావుని తన నెత్తిన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంతకాలం ఈ గదిలో కాపలా కాసిందా? మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. నా అరచేయి దాని వీపు మీద ఉంది. కూత నా చేతికి తగిలింది, సన్నటి తీగ మోగినట్టు. ఆయాసం తెల్లారగట్లే లేస్తుంది, మేం ఊదించే ఎండవేళకి సద్దుమణిగిపోతుంది.

"ఒక్కసారి ఊపిరి బిగబట్టు" అన్నాను.

బిగబట్టింది. గది నిశ్శబ్దమైపోయింది. కూత లేదు.

"వదులు."

వదిలింది. వచ్చింది.

పిచ్చుక నా వైపు చూసింది. తనంతట తనే మళ్ళీ బిగబట్టింది, మళ్ళీ వదిలింది. ఇంకోసారి. దాని కళ్ళు కొంచెం కొంచెంగా పెద్దవయ్యాయి. దిండు వైపు చూసింది, తన ఛాతీ వైపు చూసుకుంది.

"నేనా?" అంది.

"నువ్వే తల్లీ. నీ పిల్లే."

"మరి అమ్మ?"

గుమ్మంలో మరిది నిలబడి ఉన్నాడు. "రోజూ విన్నాను వదినా" అన్నాడు. "తనే అనుకున్నాను. తలుపు తీస్తే ఆగిపోతుందేమోనని తియ్యలేదు. పిల్ల అడిగితే... అమ్మే అని చెప్పాను."

నాకు ఏం ముంచుకొచ్చిందో తెలియదు. "కన్నకూతురు ఊపిరాడక కూస్తుంటే బయట కుర్చీ వేసుకుని కూర్చుని వింటావా? మనిషివేనా నువ్వు?" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. అతనికి తిట్లు కావాలి, నేను తిడుతూనే ఉంటే అతనికి బాగుండునేమో. కానీ నా ఒళ్ళో పిల్ల బిగుసుకోవడం మొదలుపెట్టింది.

ఏడుద్దామని నోరు తెరిచింది, ఏడవడానికి ఊపిరి లేదు. మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. నీలం డబ్బా అల్మారాలోంచి తీసి గొట్టానికి తగిలించి మాస్కు ముఖం దగ్గరికి తెచ్చాను. ముఖం తిప్పేసింది. మళ్ళీ తెచ్చాను. రెండు చేతులా తోసేసింది.

"వద్దు" అంది. ఒక్కో మాటకీ ఒక్కో కూత. "మందు పీలిస్తే... పిల్లి పోతుంది. పిల్లి పోతే... అమ్మ..."

"నోర్మూసుకుని పీల్చవే!" అని అరిచాను. ఏడుస్తూ అరిచాను. బలవంతంగా పెడితే ఊపిరి బిగబట్టేసింది. బిగబట్టడం నేను నేర్పించిందే. పెదవుల చుట్టూ నీలం తిరుగుతోంది. ఫోన్ తీసి ఆంబులెన్సుకి చెప్పాను, ఆ వీధి మలుపు నా కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది.

మరిది వచ్చి నేల మీద మోకాళ్ళూనాడు. పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"పిచ్చుకా, ఇటు చూడు. నేను అబద్ధం చెప్పాను. అది అమ్మ కాదు. అమ్మ చచ్చిపోయింది." ఆ ఇంట్లో ఆ మాట అంతవరకూ ఎవ్వరూ అనలేదు. పోయింది, లేదు, అలా అయింది అని నమిలేవాళ్ళం. "ఆ రోజు నువ్వు లేచినా చచ్చిపోయేది. నేను లేచే ఉన్నాను తల్లీ. నేనే మందిచ్చాను. నా చేతుల్లోనే పోయింది. నీ డ్యూటీలో తప్పేమీ లేదు. విన్నావా? ఏ తప్పూ లేదు."

పిల్ల అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేతులు దించేసింది. మాస్కు పెట్టాను. నొక్కాను. పీల్చింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పీల్చింది. మరిది తన ఊపిరితో పాటు దాన్ని లెక్కపెట్టించాడు, నేను నొక్కుతూనే ఉన్నాను.

కూత మొదట ఇంకా పెద్దదైంది. గాలి లోపలికి వెళ్తున్నప్పుడు అలాగే అవుతుంది, నాకు తెలుసు. తర్వాత సన్నబడింది. తర్వాత ఊపిరి చివర మాత్రమే మిగిలింది. పిల్ల వింటోంది, మరిది వింటున్నాడు, నేను కూడా, ఆగితే బతుకుతుందని తెలిసినదాన్ని, మందు నా చేత్తో నొక్కుతున్నదాన్ని, ఇంకొక్కసారి వినబడితే బాగుండునని విన్నాను. వినబడలేదు. మరిది పరుపులో ముఖం దాచుకున్నాడు. కింద ఆంబులెన్సు హారన్ మోగుతోంది, వాచ్‌మన్ గేటు తీస్తున్నాడు.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికొచ్చాక రెండు పూటలా మందు నా ముందే, ముగ్గురం కూర్చుని. పిచ్చుక ఎదురు చెప్పలేదు. కిచకిచ కూడా లేదు. పీల్చమంటే పీల్చేది, తినమంటే తినేది, చెప్పిన చోట పడుకునేది. మరిది తెల్లవారుజాము డ్యూటీ మార్పించుకున్నాడు. ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కింద వాటాలో నేను ఆ వేళకి తెలివొచ్చి లేచి కూర్చునేదాన్ని.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ నా గదిలో నా ఎదురుగా కూర్చోబెట్టి ఊదించాను. మబ్బు రెండు గీతల మధ్య చక్కగా నిలబడింది. ఒక్కసారికే సరిగ్గా ఊదింది. మిషను కాసేపు గిరగిరమని ఆలోచించి అంకె వేసింది. పదహారు.

"పదహారే!" అని నేను బల్ల మీద చరిచాను. "చూశావా? లోపల మంటంతా చల్లారిపోయింది!"

పిచ్చుక ఆ అంకె వైపు చాలాసేపు చూసింది.

"అంటే" అంది, "అమ్మ నిజంగానే చచ్చిపోయిందన్నమాట."

బయట బెంచీ మీద జనం దగ్గుతున్నారు. ఎవరో తలుపు కొట్టి, ఇంకెంతసేపండీ అని అడిగారు.

"అవునమ్మా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. కుర్చీలో ముందుకి వంగి, నోరంతా తెరిచి, గుండెలు పగిలేటట్టు. ఊపిరి నిండా పీల్చి ఏడ్చింది, చివరిదాకా వదిలి ఏడ్చింది, మళ్ళీ నిండా పీల్చింది. ఆ ఏడుపులో ఎక్కడా కూత లేదు. తలుపు మళ్ళీ కొట్టారు. లేచి వెళ్ళి గడియ వేసి, దాని పక్కన నేల మీద కూర్చున్నాను.